318 పేజీల థీసిస్, నాలుగు రోజుల గడువు: వర్డ్‌లో స్టైల్స్ విలువ అప్పుడు తెలిసింది

గురువారం సాయంత్రం. రివ్యూ కోసం వచ్చిన ఫోన్‌తో లో లైట్ ఫొటోలు తీద్దామని ట్యాంక్‌బండ్ మీద నిలబడి ఉన్నాను. సరిగ్గా లైట్లు వెలిగే టైమ్‌కి తెనాలి నుంచి అక్క ఫోన్.

"ఒరేయ్, థీసిస్ వెనక్కి ఇచ్చేశార్రా."

అక్క అక్కడ జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్. ఆరేళ్లుగా స్త్రీల పాటల మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఊళ్లు తిరిగి, పెద్దవాళ్ల పక్కన కూర్చుని, పెళ్లి పాటలు, లాలి పాటలు, దంపుళ్ల పాటలు ఫోన్‌లో రికార్డ్ చేసి రాసుకుంది. థీసిస్ సగం ఫోన్‌లోనే రాసింది. కాలేజీకి వెళ్లే బస్సులో జీబోర్డ్ తెలుగు కీబోర్డ్‌తో గూగుల్ డాక్స్‌లో టైప్ చేసేది. రెండు అధ్యాయాలు డీటీపీ సెంటర్‌లో చేయించింది. మిగతాది బావగారి పాత ల్యాప్‌టాప్‌లో, వర్డ్‌లో. చివరికి అన్నీ కాపీ, పేస్ట్ చేసి ఒకే ఫైల్‌గా కలిపేసింది.

వెనక్కి ఇవ్వడానికి కారణం పాటలు కాదు, పరిశోధన కాదు. విషయసూచికలో ఉన్న పేజీ నంబర్లకీ లోపలి పేజీలకీ పొంతన లేదు. ఒక అధ్యాయంలో ఉపశీర్షికలు లావుగా, ఇంకో అధ్యాయంలో గీత కింద, మరో అధ్యాయంలో రెండూ. లైన్ల మధ్య ఖాళీ ఒక్కో చోట ఒక్కోలా. సోమవారం ఆఖరు తేదీ. అది దాటితే మళ్లీ గడువు పొడిగించమని అర్జీ పెట్టుకోవాలి. "ఇప్పటికే రెండుసార్లు తీసుకున్నాను. మూడోసారి ఇస్తారో ఇవ్వరో. నీకు వర్డ్ బాగా వచ్చు కదా, కాస్త చూడరా" అంది. గొంతు మామూలుగా లేదు.

శనివారం పొద్దున్నే రైలెక్కాను.

లైట్ వేసి చూస్తే

ఫైల్ పేరు 'థీసిస్ ఫైనల్ కొత్తది 4'. 318 పేజీలు, ఏడు అధ్యాయాలు. ఓపెన్ చేయగానే నేను చేసిన మొదటి పని హోమ్ ట్యాబ్‌లో తిరగబడ్డ 'పి' లాంటి గుర్తు మీద నొక్కడం. కీబోర్డ్ మీదైతే కంట్రోల్ + షిఫ్ట్ + 8. ఎక్కడెక్కడ ఎంటర్ కొట్టామో, ఎక్కడ ట్యాబ్, ఎక్కడ స్పేస్ వాడామో అన్నీ చుక్కలుగా, బాణాలుగా కనిపిస్తాయి. మీ దగ్గర ఏదైనా పెద్ద ఫైల్ ఉంటే ఇప్పుడే ఒకసారి నొక్కి చూడండి. కాస్త గుండె ధైర్యం తెచ్చుకుని నొక్కండి.

మూడో అధ్యాయం కొత్త పేజీలో మొదలవ్వడానికి అక్క 17 సార్లు ఎంటర్ కొట్టింది. నాలుగో అధ్యాయానికి 22. పేరా మొదట్లో ఖాళీ కోసం ఒక చోట ట్యాబ్, ఒక చోట ఎనిమిది స్పేస్‌లు. విషయసూచికలో శీర్షికకీ పేజీ నంబర్‌కీ మధ్య ఉండే చుక్కలన్నీ ఫుల్‌స్టాప్ కీ నొక్కి పట్టుకుని పెట్టినవి. పేజీ నంబర్లు ఒక్కొక్కటీ స్క్రోల్ చేసి చూసుకుని టైప్ చేసినవి. రెండో అధ్యాయంలో ఒక పేరా చేర్చగానే ఆ తర్వాతివన్నీ తప్పాయి, 17 ఎంటర్లు 15 చాలేవి అయ్యాయి, అధ్యాయం శీర్షిక పేజీ మధ్యకు జారింది.

"ఇదంతా కూర్చుని కొట్టానురా నేను. రెండు రాత్రులు పట్టింది" అంది అక్క.

నవ్వు రాలేదు. ఎందుకంటే కొన్నేళ్ల క్రితం దాకా నేనూ అంతే. శీర్షిక అంటే టెక్స్ట్ సెలెక్ట్ చేసి, బోల్డ్ నొక్కి, సైజు 16 పెట్టడం. ఈ సైట్‌లో రాయడం మొదలుపెట్టాక మా పబ్లిషింగ్ టూల్‌లో బోల్డ్ కొట్టిన సబ్ హెడ్డింగ్‌లన్నీ ఎడిటర్ వెనక్కి పంపేవారు. 'హెడ్డింగ్ 2' అని ఎంచుకోవాలి, లేదంటే తీసుకోరు. అప్పట్లో అదొక చాదస్తంలా అనిపించేది. తర్వాత సైట్ డిజైన్ మొత్తం మారినప్పుడు, పాత ఆర్టికల్స్ శీర్షికలన్నీ వాటంతట అవే కొత్త రూపంలోకి వచ్చేశాయి. ఒక్క నా మొదటి నాలుగు రివ్యూలు తప్ప.

అసలు తేడా ఎక్కడంటే

స్కూల్లో ఏడో తరగతి పిల్లలకు యూనిఫామ్ రంగు మార్చాలి అనుకోండి. ఎవరు ఏ తరగతో రిజిస్టర్‌లో రాసి ఉంటే ఒక్క సర్క్యులర్‌తో పని అయిపోతుంది. రాసి లేకపోతే హెడ్‌మాస్టర్ గారు గేటు దగ్గర నిలబడి, ఎత్తు చూసి, ముఖం చూసి 'నువ్వు ఏడో తరగతి వాడివేనా' అని ఒక్కొక్కరినీ అడగాలి.

బోల్డ్ కొట్టి సైజు పెంచితే వర్డ్‌కి తెలిసేది 'ఈ అక్షరాలు లావుగా, పెద్దగా ఉండాలి' అని మాత్రమే. అది శీర్షిక అని దానికి తెలియదు. 'హెడ్డింగ్ 1' అనే స్టైల్ పెడితే ఆ లైన్ ఏ తరగతిదో రిజిస్టర్‌లో ఎక్కినట్టు. అప్పుడు అది ఎలా కనిపించాలన్నది ఒక్క చోట చెప్తే చాలు. విషయసూచిక కూడా వర్డే కడుతుంది, ఎందుకంటే శీర్షికలు ఏవో దానికి తెలుసు కాబట్టి.

ఇదేమీ కొత్త ఫీచర్ కాదు. వర్డ్ 1983లో వచ్చింది, డాస్ కాలం నాటి వర్డ్‌లోనే స్టైల్ షీట్లు ఉండేవి. పేజ్‌మేకర్‌లో పత్రికలు, పుస్తకాలు కట్టిన పాత డీటీపీ ఆపరేటర్లను అడగండి, స్టైల్స్ ప్యాలెట్ గురించి మనకంటే వాళ్లు బాగా చెప్తారు. మనమే, కంప్యూటర్ సెంటర్‌లో మొదటిరోజు బోల్డ్, ఇటాలిక్, అండర్‌లైన్ అనే మూడు బటన్లు నేర్చుకుని, అక్కడే ఆగిపోయాం.

ఇంకో కారణం కూడా ఉంది. 'హెడ్డింగ్ 1' నొక్కగానే అక్షరాలు నీలం రంగులోకి మారిపోతాయి. "అమ్మో, ఇదేంటి, నాకు నల్లగా కావాలి" అని వెంటనే అన్‌డూ కొట్టి మళ్లీ బోల్డ్ దగ్గరకే వెళ్లిపోతాం. అక్క కూడా ఒకసారి అలాగే నొక్కి భయపడిందట. ఆ రంగు, ఆ ఫాంట్ వర్డ్ ముందుగా పెట్టిన లెక్క మాత్రమే. స్టైల్ పేరు మీద రైట్ క్లిక్ చేసి 'మాడిఫై' అంటే మనకు కావలసినట్టు మార్చుకోవచ్చు. ఈ ఒక్క విషయం ఎవరైనా మొదట్లోనే చెప్పి ఉంటే, నీలం రంగుకు జడిసి ఇంతమంది వెనక్కి వెళ్లేవాళ్లు కాదు.

నేను చేసిన వెధవ పని

ముందు ఫైల్‌కి ఒక కాపీ తీసి పక్కన పెట్టాను. ఇది మాత్రం తెలివిగా చేశాను.

తర్వాత మొత్తం సెలెక్ట్ చేసి కంట్రోల్ + స్పేస్, కంట్రోల్ + క్యూ కొట్టాను. మొదటిది అక్షరాల మీద చేత్తో పెట్టిన ఫార్మాటింగ్ తీసేస్తుంది, రెండోది పేరాల మీద ఉన్నది. చెత్తంతా ఊడ్చేసి శుభ్రమైన నేల మీద మొదలుపెడదాం అని నా ఆలోచన. ఒక్క సెకనులో ఫైల్ అంతా ఒకే రకంగా, నున్నగా అయిపోయింది. గర్వంగా అక్క వైపు చూశాను.

"పల్లవులేవి?" అంది.

అప్పటిదాకా నాకు తెలియని సంగతి ఏంటంటే, ఆమె రాసిన పాటల్లో ఒకరు పాడే చరణాలు మామూలు అక్షరాల్లో, అందరూ కలిసి అందుకునే పల్లవి లైన్లు బోల్డ్‌లో ఉన్నాయి. 140కి పైగా పాటలు. ఏ లైన్ ఎవరు పాడారన్నది ఆ బోల్డ్‌లోనే ఉంది, ఇంకెక్కడా రాసి లేదు. ఆ పాడిన వాళ్లలో కొందరు ఇప్పుడు లేరు కూడా. నేను దాన్ని చెత్త అనుకుని ఊడ్చేశాను.

కంట్రోల్ + జడ్ కాపాడింది. కాపీ ఎలాగూ ఉందనుకోండి, అయినా కాసేపు చేతులు వణికాయి. అంటే, చేత్తో పెట్టిన ఫార్మాటింగ్ అంతా వ్యర్థం కాదు. కొంత అలంకారం, కొంత అర్థం. తుడిచే ముందు అర్థం ఉన్నదాన్ని స్టైల్‌లోకి మార్చుకోవాలి.

కాబట్టి పద్ధతి తిరగేశాం. 'పాట చరణం', 'పాట పల్లవి' అని తెలుగులోనే పేర్లు పెట్టి రెండు కొత్త స్టైల్స్ తయారు చేశాం. స్టైల్స్ పేన్‌లో 'న్యూ స్టైల్' బటన్ ఉంటుంది. ఆ పేన్ కంట్రోల్ + ఆల్ట్ + షిఫ్ట్ + ఎస్‌తో తెరుచుకుంటుంది. తర్వాత ఒక పల్లవి లైన్‌లో కర్సర్ పెట్టి, హోమ్ ట్యాబ్ చివర ఉన్న 'సెలెక్ట్'లో, ఒకే రకం ఫార్మాటింగ్ ఉన్న టెక్స్ట్ అంతా సెలెక్ట్ చేసే ఆప్షన్ నొక్కాం. ఫైల్ మొత్తంలో అలాంటి లైన్లన్నీ ఒకేసారి సెలెక్ట్ అయ్యాయి. 'పాట పల్లవి' నొక్కాం. అయిపోయింది.

అయిపోయింది అనుకున్నాం గానీ, సగమే అయ్యాయి. కంటికి ఒకేలా కనిపించే పల్లవులు వర్డ్ లెక్కలో నాలుగు రకాలు. బస్సులో ఫోన్‌లో కొట్టినవి ఒక ఫాంట్, డీటీపీ సెంటర్‌వి గౌతమి, ల్యాప్‌టాప్‌లోవి నిర్మల, ఎక్కడో 13 సైజు, ఎక్కడో 12.5. ఒక్కో రకాన్నీ విడిగా పట్టుకోవాల్సి వచ్చింది. అక్క పక్కన కూర్చుని ప్రతి పాటా చూస్తూ, "ఇది పల్లవి కాదు, ఇది నేను నొక్కి చెప్పడానికి బోల్డ్ పెట్టాను" అని పక్కకు తీయించింది. రాత్రి పదింటికి బావగారు పెరుగన్నం కలిపి ఇద్దరికీ టేబుల్ దగ్గరికే తెచ్చిచ్చారు.

అధ్యాయం శీర్షికలకు హెడ్డింగ్ 1, ఉపశీర్షికలకు హెడ్డింగ్ 2, వాటి కింద వాటికి హెడ్డింగ్ 3. కంట్రోల్ + ఆల్ట్ + 1, 2, 3 షార్ట్‌కట్లు గుర్తుపెట్టుకుంటే మౌస్ ముట్టుకోనక్కర్లేదు. ఇవన్నీ అయ్యాకే మిగిలిన మామూలు పేరాల మీద కంట్రోల్ + స్పేస్, కంట్రోల్ + క్యూ. డబుల్ ఎంటర్లు తీసేయడానికి ఫైండ్ అండ్ రీప్లేస్‌లో 'స్పెషల్' బటన్ నొక్కి, ఫైండ్ బాక్స్‌లో పేరాగ్రాఫ్ మార్క్ రెండుసార్లు, రీప్లేస్ బాక్స్‌లో ఒకసారి పెట్టి, ఇంకేమీ దొరకనంత వరకూ 'రీప్లేస్ ఆల్' కొట్టాం. ఆ 17, ఆ 22 అలా పోయాయి. వాటి బదులు హెడ్డింగ్ 1 స్టైల్‌లోనే పేరాగ్రాఫ్ సెట్టింగ్స్‌లో 'పేజ్ బ్రేక్ బిఫోర్' టిక్ పెట్టాం. ఇక మీద ఏ అధ్యాయమైనా కొత్త పేజీలోనే మొదలవుతుంది, ఎవరూ ఎంటర్ కొట్టనక్కర్లేదు.

తెలుగుకి మాత్రమే ఉన్న రెండు గోతులు

ఇంగ్లీష్‌లో చేసిన యూట్యూబ్ వీడియోల్లో ఇది చెప్పరు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

హెడ్డింగ్ 1 సైజు 20 చేద్దామని మాడిఫైలోకి వెళ్లి, కింద 'ఫార్మాట్' బటన్‌లో 'ఫాంట్' తీసి, 20 పెట్టి ఓకే కొట్టాను. తెలుగు శీర్షిక కదల్లేదు. శీర్షికలో ఎక్కడో ఉన్న ఒక ఇంగ్లీష్ మాట మాత్రం పెద్దదైంది. మళ్లీ చేశాను. మళ్లీ అంతే. అరగంట పోయింది. "నీకు వర్డ్ వచ్చన్నావు కదరా" అని అక్క అనలేదు, చూసింది.

సంగతేంటంటే, వర్డ్ దృష్టిలో తెలుగు 'కాంప్లెక్స్ స్క్రిప్ట్'. ఆ ఫాంట్ విండోలో రెండు భాగాలుంటాయి: పైన లాటిన్ టెక్స్ట్, కింద కాంప్లెక్స్ స్క్రిప్ట్స్. ఫాంట్, బోల్డ్, సైజు మూడూ రెండింటికీ విడివిడిగా ఉంటాయి. నేను మార్చింది పైది. తెలుగుకి కావలసింది కిందది. రెండు చోట్లా మార్చగానే ఏడు శీర్షికలూ ఒక్కసారిగా మారాయి. ఆ రెండో భాగం మీకు కనిపించకపోతే ఫైల్, ఆప్షన్స్, లాంగ్వేజ్‌లోకి వెళ్లి ఎడిటింగ్ భాషల్లో తెలుగు చేర్చండి. లిబ్రెఆఫీస్ వాడేవాళ్లకూ ఇదే కథ. అక్కడ దాన్ని సీటీఎల్ అంటారు, సెట్టింగ్స్‌లో భాషల దగ్గర 'కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్' ఆన్ చేయాలి.

రెండోది లైన్ స్పేసింగ్. డీటీపీ నుంచి వచ్చిన అధ్యాయాల్లో లైన్ల మధ్య దూరం 'ఎగ్జాక్ట్‌లీ' అని ఒక అంకెతో కట్టేసి ఉంది. ఇంగ్లీష్‌కి ఇది సరిపోతుంది. మనకు పైన గుడి, కింద వత్తు, వత్తు కింద ఇంకో వత్తు. 'స్త్రీ' అన్న మాటలో కింది వత్తు సగం తెగిపోయి కనిపిస్తోంది. స్త్రీల పాటల మీద థీసిస్‌లో 'స్త్రీ' ఎన్నిసార్లు వస్తుందో మీరే లెక్కేసుకోండి. నార్మల్ స్టైల్‌లో లైన్ స్పేసింగ్‌ని 1.5 అని పెట్టాం. ఫాంట్ ఎత్తును బట్టి అదే సర్దుకుంటుంది. ఫాంట్ కూడా అక్కడే మండలికి మార్చాం. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది, ప్రింట్‌లో బాగుంటుంది. ముందు నిర్మలతో చూసి, తర్వాత నోటో సెరిఫ్ తెలుగుతో చూసి, చివరికి మండలి దగ్గర ఆగాం. 318 పేజీలకు మూడు ఫాంట్లు మార్చి మార్చి చూడటం, మొత్తం ఐదు నిమిషాలు. రెండు రోజుల ముందు అక్కకి ఈ మాట చెప్తే నమ్మేది కాదు.

ఆదివారం గైడ్ గారి ఫోన్

ఆదివారం ఉదయం విషయసూచిక. అక్క చేత్తో కట్టిన రెండు పేజీలూ డిలీట్ చేసి, 'రెఫరెన్సెస్' ట్యాబ్‌లో 'టేబుల్ ఆఫ్ కంటెంట్స్' నొక్కాను. ఏడు అధ్యాయాలు, 61 ఉపశీర్షికలు, చుక్కలు, పేజీ నంబర్లు అన్నీ వచ్చి కూర్చున్నాయి. అక్క కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నమ్మకం లేక ఒక పది నంబర్లు లోపల పేజీలు తిప్పి సరిచూసుకుంది.

ఇది ఒక్కసారి వేస్తే దానంతట అదే ఎప్పుడూ మారుతూ ఉండదు, ఆ సంగతి గుర్తుంచుకోవాలి. ఫైల్‌లో ఏమైనా మార్చాక విషయసూచిక మీద క్లిక్ చేసి ఎఫ్9 కొట్టి, 'అప్‌డేట్ ఎంటైర్ టేబుల్' అనాలి. ప్రింట్‌కి ముందు మరిచిపోతే మళ్లీ పాత కథే.

పదకొండింటికి గైడ్ గారి ఫోన్. పీడీఎఫ్ చూశారట. అక్షరాలు 14లో కాస్త పెద్దగా ఉన్నాయి, 13 చేయమన్నారు. నాలుగో అధ్యాయంలో ఉన్న లాలి పాటల భాగం మూడో అధ్యాయంలోకి వెళ్తే బాగుంటుందన్నారు. ఫోన్ పెట్టేసి అక్క నా వైపు చూసిన చూపులో గురువారం నాటి భయమే ఉంది. లాలి పాటలంటే 26 పేజీలు.

వ్యూ ట్యాబ్‌లో 'నావిగేషన్ పేన్' తెరిచాను. ఎడం పక్కన శీర్షికల జాబితా వచ్చింది. లాలి పాటల శీర్షిక పట్టుకుని పైకి లాగి మూడో అధ్యాయం కింద వదిలాను. దాని కింద ఉన్న 26 పేజీలూ, పాటలతో సహా, దాని వెంట వెళ్లాయి. ఉపశీర్షికల నంబర్లను రాత్రే మల్టీలెవెల్ లిస్ట్‌తో హెడ్డింగ్ స్టైల్స్‌కి కలిపేశాం కాబట్టి అవీ సర్దుకున్నాయి. నార్మల్ స్టైల్‌లో రెండు చోట్లా 14ని 13 చేశాను. ఎఫ్9. ఇప్పుడు మొత్తం 297 పేజీలు. గైడ్ గారితో మాట్లాడిన సమయం కంటే ఇదే తక్కువ.

అయితే అన్నీ స్టైల్స్‌తో తీరవు. ముందు పేజీలకు రోమన్ అంకెలు, అసలు అధ్యాయాలకు 1 నుంచి నంబర్లు కావాలంటే వర్డ్‌లో సెక్షన్ బ్రేక్ పెట్టక తప్పదు. దాంతో గంట కుస్తీ పట్టాను. లిబ్రెఆఫీస్ రైటర్‌లో పేజీలకు కూడా స్టైల్స్ ఉంటాయి, ఈ పని అక్కడ తేలిక. ఎఫ్11 కొడితే స్టైల్స్ పక్కన తెరుచుకుంటాయి. 7.6 వెర్షన్ నుంచి 'స్పాట్‌లైట్' అనే ఆప్షన్ కూడా ఇచ్చారు, ఏ పేరాకి ఏ స్టైల్ ఉందో, ఎక్కడ చేత్తో ఫార్మాట్ చేశారో రంగులతో చూపిస్తుంది. ఇలాంటిది చేతిలో ఉంటే ఆ శనివారం రాత్రి నాకు రెండు గంటలు మిగిలేవి.

ఫోన్‌లో రాసేవాళ్లకి

ఈ సైట్ చదివేవాళ్లలో చాలామంది అక్కలాగే ఫోన్‌లోనే రాస్తారని తెలుసు. చిన్న స్క్రీన్ మీద వేలితో లైన్ సెలెక్ట్ చేసి, బోల్డ్ వెతికి, సైజు పెంచడం కంటే స్టైల్ పెట్టడమే తేలిక. గూగుల్ డాక్స్ యాప్‌లో పైన 'ఏ' గుర్తు నొక్కితే 'టెక్స్ట్' కింద 'స్టైల్' ఉంటుంది. హెడ్డింగ్ 1, 2 అక్కడ ఎంచుకోవచ్చు. ఎలా కనిపించాలన్నది తర్వాత ల్యాప్‌టాప్‌లో చూసుకోవచ్చు. బ్రౌజర్‌లో డాక్స్ తెరిచి, ఒక శీర్షికని నచ్చినట్టు మార్చి, స్టైల్స్ జాబితాలో హెడ్డింగ్ 1 పక్కన ఉన్న బాణం నొక్కి 'అప్‌డేట్' అంటే మిగతావన్నీ దాన్ని అనుసరిస్తాయి. ఆ ఫైల్‌ని వర్డ్ ఫార్మాట్‌లో డౌన్‌లోడ్ చేస్తే హెడ్డింగ్‌లు హెడ్డింగ్‌లుగానే వస్తాయి. డాక్స్‌లో ఉన్న లోటు ఒకటే, 'పాట పల్లవి' లాంటి సొంత స్టైల్ పేర్లు పెట్టుకోలేం. అక్క లాంటి పనికి అది పెద్ద లోటే.

వాట్సాప్ నుంచో వెబ్‌సైట్ నుంచో కాపీ చేసినప్పుడు మాత్రం పేస్ట్ ఆప్షన్స్‌లో 'కీప్ టెక్స్ట్ ఓన్లీ' ఎంచుకోండి. లేదంటే వాళ్ల ఫాంట్లు, రంగులు, సైజులు అన్నీ మీ ఇంటికి చుట్టాలై వస్తాయి, పోరు.

లీవ్ లెటర్‌కీ, ఒక పేజీ అప్లికేషన్‌కీ ఇవన్నీ అక్కర్లేదు. బోల్డ్ కొట్టుకుని పని కానిచ్చేయండి. పది పేజీలు దాటినా, ఇంకొకరు దిద్దే అవకాశం ఉన్నా, మొదటి రోజే స్టైల్స్ పెట్టుకోండి. అక్కకి ఆరేళ్ల క్రితం పెట్టుకుంటే రోజుకు పది సెకన్ల పని, ఆఖర్లో పెట్టుకుంటే ఒక శనివారం, ఒక ఆదివారం, నా రైలు టికెట్లు.

సోమవారం పొద్దున బావగారు ప్రింట్, బైండింగ్ చేయించుకొచ్చారు. మధ్యాహ్నం అక్క ఒక్కతే యూనివర్సిటీకి వెళ్లింది, నేను తిరుగు రైల్లో ఉన్నాను. మూడున్నరకి మెసేజ్: "తీసుకున్నారు. ఆయన విషయసూచిక దగ్గర పెట్టి నాలుగు పేజీలు తిప్పి చూశాడు. నేను ఊపిరి బిగబట్టాను. అన్నీ సరిపోయాయి."

ఆ తర్వాత వారం ఇంకో మెసేజ్. వాళ్ల కాలేజీలో చరిత్ర చెప్పే సార్‌కి చూపు లేదు. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌తో కంప్యూటర్ వాడతారు. అక్క థీసిస్ చదువుతానని ఎప్పటి నుంచో అడుగుతుంటే, పాత ఫైల్ ఒకసారి పంపిందట. మొదటి పేజీ నుంచి వరసగా వింటూ పోవడం తప్ప దారి లేక ఆయన వదిలేశారు. కొత్త ఫైల్‌లో బ్రౌజ్ మోడ్ ఆన్ చేసి హెచ్ కీ కొడితే చాలు, ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు వెళ్లిపోవచ్చు. ఆయన నేరుగా దంపుళ్ల పాటల దగ్గరికి వెళ్లి, అక్కడ మొదలుపెట్టారట. వాళ్లమ్మ పాడే పాట ఒకటి అందులో ఉందని, రెండో చరణంలో ఒక మాట వాళ్ల ఊళ్లో వేరేగా పాడతారని చెప్పారట.

"వైవా తర్వాత సవరణల్లో అది ఫుట్‌నోట్‌గా పెడతాను. పేజీలు జరిగిపోతాయేమోనని ఈసారి భయం లేదులే" అని రాసింది అక్క.